సముద్రం జానెడు లేస్తే ఒడ్డు ఎన్ని అంగలు వెనక్కెళ్తుంది?

పోయిన సంచికలో వేర్లు బయటపడి పక్కకి ఒరిగిపోయిన సరుగుడు చెట్ల ఫొటో ఒకటి వేశాం. దాని కింద రెండు ముక్కలే రాశాం గానీ, ఉత్తరాలు మాత్రం కట్టలుగా వచ్చాయి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా అందరి ప్రశ్నా ఇంచుమించు ఒకటే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఇసుకకే.

ప్రశ్న: మా చిన్నప్పుడు గంగమ్మ గుడి నుంచి నీళ్ల దాకా నూటయాభై అంగలు ఉండేది. ఇప్పుడు యాభై. టీవీలో చూస్తే సముద్రం ఏడాదికి 3 మిల్లీమీటర్లు పెరుగుతోందంటారు. నలభై ఏళ్లకి 12 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు. ఆ కాస్త నీటికి వంద అంగల నేల పోతుందా? ఎవరో అబద్ధం చెప్తున్నారు. (కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు)

అబద్ధం ఎవరూ చెప్పట్లేదండీ. రెండు వేర్వేరు లెక్కల్ని ఒకే మూటలో కట్టేశాం, అంతే. విప్పి చూద్దాం.

టీవీ వాళ్ల అంకె సరైనదే. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో 1993 నుంచి 2017 దాకా సగటున ఏడాదికి 3.3 మిల్లీమీటర్లు పెరిగిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ వేసిన నివేదికలో ఉంది. అంతకు ముందు నూరేళ్లకి పైగా ఈ పెరుగుదల ఏడాదికి 1 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్యే ఉండేది. కాబట్టి మీ నలభై ఏళ్లకి 12 సెంటీమీటర్లన్నది కొంచెం ఉదారంగా వేసిన లెక్కే, అయినా దాన్నే పట్టుకుందాం.

మీరు ఒడ్డుని సిమెంటు ర్యాంపులా ఊహించుకుంటున్నారు. అలా అయితే పది అడుగులకి ఒక అడుగు దిగే వాలు మీద 12 సెంటీమీటర్ల నీరు లేస్తే తడిసేది మీటరుంపావు లోపే, అంటే రెండంగలు కూడా కాదు. కానీ ఒడ్డు సిమెంటు కాదు, ఇసుక. పైగా మనకి కనపడేది దాని పైభాగమే, మిగతాదంతా నీళ్లలో ఉంది. చాటని వెనక అంచు ఊరి వైపు పెట్టి చూడండి. అంచు దగ్గర నిటారుగా లేచి, ముందుకి పోయేకొద్దీ చదునవుతుంది కదా, ఇసుక ఒడ్డు కూడా అచ్చం అలాగే సముద్రంలోకి దిగుతుంది. ఇసుక ముతకైతే వాలు ఎక్కువ, సన్నదైతే తక్కువ. ఆ ఆకారం అలలు చెక్కుకున్నది. నీటిమట్టం మారితే అలలు అదే ఆకారాన్ని కొత్త మట్టానికి మళ్లీ చెక్కుకుంటాయి.

డెన్మార్క్‌లో పుట్టిన ఇంజనీరు పెర్ బ్రూన్ 1962లో ఈ మాటనే లెక్కలో పెట్టాడు. చాలా తేలికైన లెక్క. అలలు ఇసుకని కదిలించే మేర ఒడ్డు నుంచి 800 మీటర్లు, దాని చివర లోతు 8 మీటర్లు, ఒడ్డు గట్టు నీటికి పైన 3 మీటర్లు అనుకోండి (ఇవి ఉదాహరణకి పెట్టిన అంకెలు, మీ ఊరివి కావు). నీరు 12 సెంటీమీటర్లు లేచింది. పాత లోతే ఉండాలంటే ఆ 800 మీటర్ల అడుగు మొత్తం 12 సెంటీమీటర్లు మెత్తుకోవాలి. అంటే ఒడ్డు పొడవునా ప్రతి మీటరుకీ 96 ఘనపు మీటర్ల ఇసుక కావాలి. ట్రాక్టర్‌కి ఒక యూనిట్ (వంద ఘనపు అడుగులు) లెక్కన ముప్పై పైచిలుకు ట్రాక్టర్లు. ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒడ్డు నుంచే కోసుకోవాలి. కోసే గోడ ఎత్తు పైన 3, కింద 8, మొత్తం 11 మీటర్లు. 96ని 11తో భాగిస్తే దగ్గర దగ్గర 9 మీటర్లు. పన్నెండంగలు! నీరు లేచిన ఎత్తుకి ఒడ్డు ఎన్నో రెట్లు వెనక్కెళ్తుందన్న సంగతి ఇక్కణ్ణుంచే వచ్చింది. మామూలుగా ఇది 50 నుంచి 100 రెట్లు ఉంటుందంటారు, మన ఉదాహరణలో 73.

అయినా మీ వంద అంగల్లో దీనికి చేరింది పన్నెండే. మిగతా ఎనభై ఎనిమిది ఏవి? ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మన జిల్లాల్లో ఇప్పటిదాకా పోయిన ఒడ్డులో ఎక్కువ భాగం నీరు లేవడం వల్ల పోలేదు, ఇసుక జమాఖర్చు తేడా వల్ల పోయింది. నైరుతి గాలుల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా కొట్టి ఇసుకని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్యం మొదలయ్యాక కొంత వెనక్కి నెడతాయి, ఏడాది చివర తూకం వేస్తే ఉత్తరం వైపే మొగ్గు. ఇలా మీ గుడి ముందు నుంచి ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక నడిచిపోతుంటుంది. వచ్చింది, పోయింది సమానంగా ఉన్నంతకాలం మీకేమీ తెలియదు. వచ్చేది కాస్త తగ్గితే ఆ తేడా మీ గుడి ముందు నుంచే తీసుకుంటుంది. మరి ఇసుక ఇచ్చేది ఎవరు? వంశధార, నాగావళి, మహేంద్రతనయ. గొట్టా బ్యారేజీ, తోటపల్లి లాంటి కట్టడాల దగ్గర వరద నెమ్మదించి ఇసుక కొంత ఆగుతుంది, ఆ కింద ఏట్లోంచి మనం ఇళ్లకి తోడుకుంటాం. మీ ఇంటి శ్లాబులో ఉన్న ఇసుక ఒకప్పుడు మీ ఒడ్డుకి రావాల్సిందే (నా ఇంటిదీ అంతే, తప్పు పట్టట్లేదు).

ఇంకోటి, మీది మొగకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటుకి దగ్గర ఊరు. ఏటి మొగ ఒకచోట నిలవదు, ఇసుక తిన్నె పెరిగి పెరిగి మొగని పక్కకి జరిపేస్తుంది, పెద్ద వరదొస్తే తెంపుకుని ఇంకో దారి చూసుకుంటుంది. ఆ జరుగుబాటులో సముద్రం ఒక్క మిల్లీమీటరు లేవకపోయినా వంద అంగలు పోవచ్చు, రెండొందలు రావచ్చు కూడా. పక్క ఊళ్లో ఇసుక మేట వేసిందేమో ఓసారి కనుక్కోండి.

ప్రశ్న: తుపాను వచ్చినప్పుడల్లా ఇసుక నిలువుగా తెగి మనిషెత్తు గోడలా నిలబడుతుంది. సంక్రాంతి దాటాక మెల్లమెల్లగా మళ్లీ నిండుతుంది. ఆ ఇసుక ఎక్కడికెళ్లి ఎక్కణ్ణుంచి వస్తోంది? మేం చేపలు ఎండబెట్టుకునేది ఆ ఇసుకలోనే. (సోంపేట మండలం నుంచి ఒక పాఠకురాలు)

అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. ఎక్కడికీ వెళ్లదు, ఎదురుగా నీళ్లలోనే దాక్కుంటుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన కొన్నాళ్లకి నేను బారువ వైపు వెళ్లాను. ఒడ్డు మీరు చెప్పినట్టే గోడలా తెగి ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ గోడ నిండా చారలు, తెల్ల ఇసుక మందంగా, మధ్యమధ్య కాటుక గీసినట్టు నల్ల పొర, ఒక్కోచోట గులాబీ రంగు పొర. నల్లది ఎక్కువగా ఇల్మనైట్, గులాబీది గార్నెట్, తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏర్లలో కొట్టుకొచ్చినవి. బరువైన రవ్వలు కాబట్టి తుపాను అల తేలిక ఇసుకని లాక్కుపోయి వీటిని ఒడ్డునే వదిలేస్తుంది. అంటే ఆ చారల్లో చాలావాటి వెనక ఒక్కో పాత తుపానో, కోతో ఉంటుంది. పాత స్పీకర్లోని అయస్కాంతం ఆనిస్తే కొన్ని నల్ల రవ్వలు అంటుకుంటాయి, పిల్లలకి చూపించండి.

అక్కడ పడవ పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక తాతని ఇదే అడిగాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "సంద్రం తీసుకెళ్లిపోతాది బాబూ, మళ్లీ తెచ్చి పడేస్తాది, మనం మధ్యన ఇల్లు కట్టకుండా ఉంటే చాలు" అన్నాడు. లోపలికి చూడమని చెయ్యి చూపించాడు. అల ఒడ్డుకి చాలా దూరంలో ఓసారి విరిగి, తెల్లగా నురగ కక్కి, మధ్యలో మామూలైపోయి, ఒడ్డు దగ్గర మళ్లీ విరుగుతోంది. ఆ మొదటిసారి విరిగే చోట నీళ్ల కింద ఇసుక గట్టు ఉన్నట్టు. తుపాను అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా, ఒకదాని మీద ఒకటి వస్తాయి, వెనక్కి లాగే నీరు అడుగు నుంచి ఇసుకని ఈడ్చుకెళ్లి అక్కడ పోగేస్తుంది. ఆ పోగు వల్లే వెనకొచ్చే పెద్ద అలలు దూరంలోనే విరిగి నీరసపడతాయి. ఒడ్డు తన నగలు అమ్మి తన్ను తాను కాపాడుకోవడం లాంటిది. ఆ తర్వాత నెలల్లో పొడవాటి, నెమ్మదైన అలలు ఆ గట్టుని తోసుకుంటూ తెచ్చి ఒడ్డుకి అంటిస్తాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన తీరంలో సముద్రం ప్రతి ఏడాదీ తనంతట తానే లేచి దిగుతుంది. ఆటుపోట్లు కాదు, వాటికి అదనం. మార్చి, ఏప్రిల్‌లలో మట్టం బాగా తక్కువ, అక్టోబర్, నవంబర్‌లలో ఎక్కువ, తేడా జానెడు పైనే. గాలులు మారడం, తీరం వెంట ప్రవాహాలు దిశ మార్చుకోవడం, వర్షాల తర్వాత గంగా బ్రహ్మపుత్రల మంచినీరు బంగాళాఖాతంలో కలవడం, అన్నీ చేరి చేసే పని ఇది. సరిగ్గా తుపాన్లొచ్చే నెలల్లోనే నీరు ఎత్తు మీద ఉంటుందన్నమాట. కాబట్టి సముద్రం లేస్తే ఒడ్డు ఏమవుతుందో మీరు ఏటా కళ్లారా చూస్తూనే ఉన్నారు. తేడా ఏమిటంటే ఏటా లేచేది దిగుతుంది, వాతావరణం వేడెక్కి లేచేది దిగదు.

మరి వెళ్లిన ఇసుకంతా తిరిగొస్తుందా అంటే, రాదు. అలల ప్రభావం అడుగుకి తగలడం దాదాపు ఆగిపోయే లోతు ఒకటుంటుంది. ఇంజనీర్లు దాన్ని అంచనా కట్టడానికి, ఏడాది మొత్తంలో పన్నెండు గంటలు మాత్రమే మించే అల ఎత్తుని తీసుకుని ఇంచుమించు దానికి రెట్టింపు లోతు అంటారు. ఆ లోతు దాటిపోయిన ఇసుక మన జీవితకాలంలో వెనక్కి రావడం కష్టం. అలాగని అదేమీ గోడ కాదు. దాని అవతలి అడుగు కూడా కదులుతుంది, మరీ నెమ్మదిగా, వందలు వేల ఏళ్ల మీద. పెద్ద తుపాను ఒక్కోసారి కొంత ఇసుకని ఆ అవతలికి, కొంత దిబ్బ మీంచి ఊరి వైపుకి విసిరేస్తుంది. ఊరి వైపు పడింది పోయినట్టు కాదు, దాని సంగతి కింద వస్తుంది. చేపలు ఎండబెట్టుకునే చోటు మాత్రం దీపావళి ముందు కాస్త పైకి మార్చుకోండి, మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: ఇరవై వేల ఏళ్ల కింద సముద్రం 120 మీటర్లు కిందకుండేదని మా సార్ చెప్పారు. అప్పుడు మన బీచ్ ఎక్కడుండేది? అది అక్కడే మునిగిపోయిందా, నడిచొచ్చిందా? (విజయనగరం నుంచి పదో తరగతి విద్యార్థి)

ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. బోలెడంత నీరు నేల మీద మంచుగా గడ్డకట్టి ఉన్న కాలం అది. ఇప్పుడు చేపల బోట్లు తిరిగే చోటంతా పొడి నేల. తీరం ఇప్పటికంటే పదుల కిలోమీటర్లు లోపల ఉండేది. వంశధార అక్కడిదాకా పారి అప్పుడు సముద్రంలో కలిసేది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశావు కదా, సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసి పోగేయడానికి వాటితో సంబంధం ఉందన్నది చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల మాట.

తర్వాత మంచు కరిగింది, ఏడు వేల ఏళ్ల కిందటి దాకా సముద్రం లేస్తూనే వచ్చింది. మునిగిందా, నడిచిందా అంటే రెండూనూ. నెమ్మదిగా లేచినప్పుడు తుపాను అలలు దిబ్బ ముందువైపు ఇసుకని ఎత్తి వెనకవైపు వేస్తాయి. మళ్లీ మళ్లీ అలా చేస్తే దిబ్బ మొత్తం చాప చుట్టినట్టు దొర్లుకుంటూ నేల మీదికి వస్తుంది. ఒడ్డు వెనక్కొచ్చింది గానీ ఒడ్డు పోలేదు. పైన విసిరేసిన ఇసుక అన్నది ఇదే. కానీ ఒక్కో దశలో మంచు దబదబా కరిగింది. పద్నాలుగున్నర వేల ఏళ్ల కింద కొన్ని శతాబ్దాల పాటు సముద్రం నూరేళ్లకి 4 మీటర్ల చొప్పున లేచింది. ఆ వేగానికి దొర్లడం కుదరక కొన్ని దిబ్బలు ఉన్నచోటే మునిగిపోయాయి. తూర్పు తీరంలో లోతు బాగా పెరిగే చోట, ఒడ్డు దగ్గర మాత్రమే ఉండాల్సిన ముతక ఇసుక, పాత గవ్వలు ఇప్పటికీ దొరుకుతాయి.

ఇప్పటి వేగం ప్రపంచ సగటున ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు (2006 నుంచి 2018 లెక్క), అంటే నూరేళ్లకి 37 సెంటీమీటర్లు, అదీ ఇంకా పెరుగుతోంది. నడిచే వేగమే ఇది, మునిగే వేగం కాదు. నడవడానికి వెనక చోటుండాలి, అంతే. చోటు కనపడాలంటే తీరప్రాంత ఊళ్లు ఓసారి చూడు, చాలాచోట్ల ఊరు, కొబ్బరి చెట్లు ఇసుక గట్టు మీద, వరి ఆ వెనక పల్లంలో, మళ్లీ ఇంకో గట్టు. సముద్రం నిలకడగా ఉండి ఏర్లు దండిగా ఇసుక తెచ్చిన రోజుల్లో ఒక్కో ఒడ్డు అలా మిగిలిపోయింది. అంటే మన తీరం ముందుకి కూడా నడిచిందన్నమాట.

ప్రశ్న: మా ఊరివాళ్లందరం రాళ్ల గోడ కావాలని అర్జీ పెడదామనుకుంటున్నాం. మీ సలహా? (పూసపాటిరేగ మండలం నుంచి)

ఇళ్ల గోడలకి అల తగులుతుంటే అడగండి, ప్రాణం ముందు. ఇంకా యాభై అంగలు మిగిలి ఉంటే వద్దు. గోడ నేలని కాపాడుతుంది, ఇసుకని కాపాడదు. అల గోడకి కొట్టి తిరిగొచ్చేటప్పుడు అడుగుని తవ్వుతుంది, ఒడ్డుకి వెనక్కి జరిగే చోటూ ఉండదు, కొన్నేళ్లకి గోడ ముందు పడవ లాగడానికి కూడా ఇసుక మిగలదు. గోడ చివర పక్క ఊరు మొదలయ్యే చోట కోత ఇంకా ఎక్కువ, అంటే మీ అర్జీ పక్క ఊరికి తంటా. కాకినాడ దగ్గర ఉప్పాడలో జియో ట్యూబులతో (ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులతో) కట్టిన గోడనే అలలు పాడుచేశాయి.

విశాఖలో హార్బర్ కట్టాక ఉత్తరానికి పోయే ఇసుక ఆగిపోయి ఆర్కే బీచ్ కోతకి గురైతే, డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకని అక్కడికి పంపింగ్ చేస్తూ వచ్చారు. ఖర్చుతో కూడిన పని, ఆపకుండా చెయ్యాల్సిన పని, కానీ లెక్క ప్రకారం సరైన పని, ఇసుక లోటుకి ఇసుకే మందు. మూలపేట దగ్గర పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి కదా, ఏ పోర్టుకైనా దక్షిణాన మేట, ఉత్తరాన కోత అన్నది మన తీరంలో మామూలు నియమం. ఉత్తరం వైపు ఊళ్ల వాళ్లు ఇప్పటినుంచే కొలతలు రాసి పెట్టుకోండి, రేపు అడగడానికి కాగితం ఉంటుంది.

మీ చేతిలో ఉన్నది దిబ్బ. దాన్ని చదును చెయ్యనివ్వకండి, రావణాసురుడి మీసాలు పీకనివ్వకండి, ఆ ముళ్ల గడ్డే ఎగిరే ఇసుకని పట్టి దిబ్బ కడుతుంది. సరుగుడు మంచిదే గానీ నీళ్ల అంచుదాకా నాటితే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు పోతుంది, కోత మొదలయ్యాక చెట్టూ నిలవదు.

ప్రశ్న: 2100 నాటికి ప్రపంచంలో సగం బీచ్‌లు మాయమైపోతాయని చదివి టెన్షన్ పట్టుకుంది. నిజమేనా? (రణస్థలం నుంచి)

2020లో ఒక పరిశోధన అలాంటి మాటే చెప్పింది. పైన చెప్పిన బ్రూన్ లెక్కనే ఉపగ్రహ చిత్రాల పోకడలతో కలిపి ప్రపంచమంతా వేశారు. అదే ఏడాది ఇంకో బృందం, వెనక చోటున్న ఒడ్డు జరుగుతుంది గానీ మాయం కాదని గట్టిగా ఎదురు చెప్పింది. నేను రెండోవాళ్ల పక్షం. బ్రూన్ లెక్కలో ఇసుక పక్కకి పోదు, లోతుకి పోదు, ఏరు తేదు, రాయి అడ్డురాదు. అలాంటి ఒడ్డు కాగితం మీదే ఉంటుంది. మన దేశ తీరంలో 1990 నుంచి 2018 దాకా 33.6 శాతం కోతకి గురైతే 26.9 శాతం మేట వేసింది, మిగతాది ఉన్నట్టే ఉంది. టెన్షన్ పడాల్సింది ఇసుక కోసం కాదు, దాని వెనకే కట్టేస్తున్న రోడ్లు, రిసార్టుల కోసం.

ప్రశ్న: మా ఒడ్డు పోతోందో వస్తోందో మేమే కొలవగలమా, పరికరాలు లేకుండా? (వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

చక్కగా. 1961లో ఎమరీ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి, రెండు కర్రలు చాలు. ఒకే ఎత్తువి, ఐదడుగులవి తీసుకోండి, పైనుంచి కిందికి సెంటీమీటర్ల గీతలు పెట్టండి, మధ్యలో రెండు మీటర్ల తాడు కట్టండి. కదలని గుర్తు ఒకటి చూసుకోవాలి, గుడి మెట్టో, కరెంటు స్తంభమో. ఒక కర్ర అక్కడ, రెండోది తాడు బిగించి నీళ్ల వైపు. ఊరి వైపు కర్ర దగ్గర వంగి, ముందు కర్ర కొనని, దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతని ఒకే సూటిలో చూడండి. ఆ చూపు మీ దగ్గరి కర్రని ఏ గీత దగ్గర దాటుతుందో, ఆ రెండు మీటర్లలో నేల అంత దిగినట్టు. నేల ఎత్తుగా ఉన్నచోట తిరగేసి చెయ్యాలి, మీ కర్ర కొన మీంచి చూసి ముందు కర్ర మీద గీత చదవాలి. అలా కర్రలు ముందుకి మార్చుకుంటూ మోకాలి నీళ్ల దాకా. నెలకోసారి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజుల్లో, నీరు బాగా వెనక్కి తగ్గిన వేళ చెయ్యండి. ఒక్క ఏడాది అంకెలు చూసి ఏమీ తేల్చకండి, తుపాను ముందు వెనకల ఊగిసలాటే అందులో ఎక్కువ. ఐదేళ్లు దాటితే అసలు పోకడ బయటపడుతుంది. ఈలోపు కర్రల మీద పిల్లలు పేర్లు రాసుకుంటారు, రాసుకోనివ్వండి, సెంటీమీటర్ల గీతలు మాత్రం చెరపకుండా చూసుకోండి.